సివిక్ వెనక చక్రాలకు డ్రమ్ముల బదులు డిస్కులు: ఎనిమిదేళ్ల వాడకం తరువాత

నా దగ్గర 1998 నాటి హోండా సివిక్ ఎల్‌ఎక్స్ సెడాన్ ఉంది. 2011లో చదువు కోసం ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌కు వచ్చిన కొత్తలో దానిని మూడో యజమానిగా కొన్నాను. 1.6 లీటర్ల ఇంజను, మాన్యువల్ గేర్లు, ముందు చక్రాలకు డిస్కులు, వెనక చక్రాలకు డ్రమ్ములు ఉన్న బండి అది, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు. 2016 మే నెలలో, అప్పటికి 1,48,000 మైళ్లు తిరిగిన ఆ బండికి వెనక డ్రమ్ములు తీసివేసి డిస్కులు బిగించాను. ఇప్పుడు మీటరు 2,31,000 చూపిస్తోంది. అంటే 83 వేల మైళ్లు, ఎనిమిది చలికాలాలు ఆ డిస్కుల మీదే గడిచాయి. ఇలాంటి మార్పు చేసిన వారం రోజులకే రాసిన పొగడ్తలు ఎక్కడ వెతికినా దొరుకుతాయి. నేనూ ఆ వారంలోనే కూర్చుని రాసి ఉంటే అదే ధోరణిలో రాసి ఉండేవాణ్ణి.

ఈ మార్పు నా బండికి అత్యవసరమేమీ కాదని ముందే ఒప్పుకోవాలి. ఆ వసంతంలో వెనక చక్రాలను బండికి కలిపే ట్రెయిలింగ్ ఆర్మ్‌ల పెద్ద రబ్బరు బుష్‌లు పూర్తిగా చిరిగిపోయి, హైవే మీద వరుస మారినప్పుడల్లా బండి వెనక భాగం ఒక క్షణం ఆలస్యంగా కదిలేది. ఎడమ డ్రమ్ములో బ్రేకు షూలను నెట్టే వీల్ సిలిండర్ నుంచి బ్రేకు ఆయిలు కూడా కారడం మొదలైంది. బుష్ మార్చాలంటే ఆర్మ్ ఎలాగూ ఊడదీయాలి కాబట్టి, డిస్కులతో ఉన్న ఆర్మ్‌లనే తెచ్చి పెట్టేస్తే పోతుంది కదా అన్న ఆలోచన అప్పుడు పుట్టింది. ఈ దేశంలో హోండావారే అక్యూరా పేరుతో అమ్మిన 1994-2001 నాటి ఇంటెగ్రా కారు వెనక సస్పెన్షన్ అమరిక సివిక్ అమరిక వంటిదే కావడంతో, దాని ఆర్మ్‌లు ఏ వెల్డింగూ లేకుండా సివిక్‌కు నేరుగా బిగుస్తాయి. చక్రానికి ఐదు బోల్టులుండే టైప్ ఆర్ రకం మాత్రం పనికిరాదు. మన చక్రానికి నాలుగే. పాత కార్లు విడదీసి అమ్మే యార్డులో ఒక ఇంటెగ్రా నుంచి రెండు ఆర్మ్‌లు, డిస్కును ప్యాడ్లతో నొక్కి పట్టే క్యాలిపర్లు, హ్యాండ్‌బ్రేకు కేబుళ్లు కలిపి 160 డాలర్లకు తెచ్చుకున్నాను.

ఒక శనివారంలో ముగుస్తుందనుకున్న పని మూడు వారాంతాలు తిన్నది. దానికి కారణం బ్రేకులు కావు, తుప్పు. ఒహాయోలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఇరవై చలికాలాలకు దగ్గర పడుతున్న ఏ బండి కిందనైనా పడుకుని పైకి చూస్తే ఆ ఉప్పు చేసిన పని కనిపిస్తుంది. ట్రెయిలింగ్ ఆర్మ్‌కు తగిలించే కాంపెన్సేటర్ ఆర్మ్ అనే చిన్న కడ్డీ బోల్టు బుష్ లోపలి ఇనుప గొట్టంతో ఒకటైపోయింది. రెండు రోజులు తుప్పు వదిలించే నూనె పోసి, మీటరు పొడవు గొట్టం తొడిగిన రెంచితో తిప్పితే బోల్టుతో పాటు బుష్ కూడా మెలితిరిగిందే గాని బోల్టు మాత్రం వదలలేదు. చివరికి కరెంటు రంపంతో కోయవలసి వచ్చింది. చెన్నైలోనో విశాఖలోనో సముద్రపు గాలికి తుప్పు పట్టిన బండి మీద పని చేసినవారికి ఈ బాధ నేను వర్ణించనక్కరలేదు. ఇలాంటి చోట ఈ పనికి దిగేవారు ఆ బోల్టులను, కొత్త బుష్‌లను ముందే కొని పక్కన పెట్టుకోవడం మంచిది. వెనక బ్రేకు హోసులు కూడా డిస్కులకు వేరుగా ఉంటాయి. వాటినీ కొత్తవే వేశాను.

ఇక అసలు విషయం ప్రపోర్షనింగ్ వాల్వ్, అంటే వెనక బ్రేకులకు వెళ్లే ఆయిలు ఒత్తిడిని అదుపు చేసే వాల్వ్. ఈ మార్పు గురించి ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది దీని గురించే, ఎందుకంటే చాలామంది వదిలేసేదీ దీనినే. డ్రమ్ము బ్రేకులో లోపలి నుంచి డ్రమ్ముకు ఒత్తుకునే షూలలో ముందుండేది డ్రమ్ము తిరిగే దిశలో లాగబడి తనంత తానే మరింత బిగుసుకుంటుంది, అందువల్ల తక్కువ ఆయిలు ఒత్తిడికే ఎక్కువ పట్టు దొరుకుతుంది. డిస్కుకు ఆ గుణం లేదు. పట్టు ఎంత కావాలో దానికి తగ్గ ఒత్తిడి పంపవలసిందే. మరోవైపు, గట్టిగా బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకు ఒరిగి వెనక చక్రాలు తేలికపడతాయి కాబట్టి, అవి బిగుసుకుపోయి బండి అడ్డం తిరగకుండా ఆ వాల్వ్ ఒక స్థాయి దాటాక వెనకకు వెళ్లే ఒత్తిడి పెరుగుదలను తగ్గిస్తుంది. డ్రమ్ముల కోసం లెక్క కట్టిన వాల్వ్‌ను అలాగే ఉంచి వెనక డిస్కులు పెడితే ప్రమాదమేమీ జరగదు గాని, ఆ డిస్కులు సగం నిద్రలో ఉంటాయి. నేను మొదటి నాలుగు నెలలు అలాగే నడిపాను. ముందు ప్యాడ్లు ఎప్పటిలాగే అరుగుతుంటే వెనక ప్యాడ్లు కొత్తవాటిలా మెరుస్తుండటం చూశాక గాని నా తప్పు నాకు తెలియలేదు. ఆ తరువాత అదే యార్డుకు వెళ్లి, వెనక డిస్కులున్న బండి నుంచి 4040 అని ముద్ర ఉన్న వాల్వ్ తెచ్చి మార్చాను. చేత్తో తిప్పి ఒత్తిడి సరిచేసుకునే వాల్వ్‌లు కూడా అమ్ముతారు. కొలిచే సాధనాలు లేకుండా రోడ్డు మీద వాటిని అంచనాగా తిప్పడం, అందులోనూ ఏబీఎస్ లేని బండిలో, నాకు సమ్మతం కాదు. వర్షంలో వెనక చక్రాలు ముందుగా బిగుసుకుంటే ఏమవుతుందో తెలుసుకునే అవకాశం ఒక్కసారే దొరకవచ్చు.

పెడల్ సంగతి వేరు. పెడల్ నొక్కినప్పుడు ఆయిలును బ్రేకులకు నెట్టే మాస్టర్ సిలిండర్ పాతదే ఉన్నంత కాలం పెడల్ ఇంతకు ముందుకన్నా లోతుగా దిగేది, ఎందుకంటే క్యాలిపర్ పిస్టన్‌ను కదపడానికి వీల్ సిలిండర్‌కన్నా ఎక్కువ ఆయిలు కావాలి. రెండేళ్ల తరువాత 15/16 అంగుళం వ్యాసమున్న మాస్టర్ సిలిండర్ వేశాను. పెడల్ పైనే పట్టుకోవడం మొదలైంది, కాలికి కాస్త ఎక్కువ బలం పెట్టవలసి వస్తుంది. నాకు ఇదే నచ్చింది. నా భార్యకు నచ్చలేదు, ఆమె ఇప్పటికీ ఆ కారు అడగదు.

హ్యాండ్‌బ్రేకు విషయంలో నేను చేసిన పొరపాటు ఇంకొకటుంది. ఈ వెనక క్యాలిపర్లలో హ్యాండ్‌బ్రేకు యంత్రాంగం పిస్టన్ లోపలే ఉంటుంది కాబట్టి, కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు పిస్టన్‌ను ముందు బ్రేకుల్లోలాగా నొక్కితే వెనక్కి పోదు, స్క్రూలా తిప్పుతూ లోపలికి పంపాలి. అలా పంపాక పిస్టన్ ముఖం మీద ఉన్న గాడి, ప్యాడు వెనక ఉన్న చిన్న బుడిపె ఒకదానిలో ఒకటి కూర్చునేలా నిలపాలి. మొదటిసారి కుడి వైపున నేను అది గమనించలేదు. ప్యాడు ఒరిగి కూర్చుని, 9 వేల మైళ్లకే ఒక చివర కాగితంలా, మరో చివర కొత్తదానిలా ఏటవాలుగా అరిగింది. అంతా సరిగ్గా బిగించాక కూడా, ఏటవాలు రోడ్డు మీద బండి ఆపి ఉంచడంలో పాత డ్రమ్ముకున్న పట్టు ఈ క్యాలిపర్లకు లేదు. డ్రమ్ములున్నప్పుడు నాలుగు మెట్లకు బండి కదిలేది కాదు. ఇప్పుడు ఏడెనిమిది మెట్లు లాగి, పైగా గేరులో కూడా ఉంచుతున్నాను.

అందరూ అడిగే ప్రశ్న, బండి ఆగే దూరం తగ్గిందా అన్నది. తగ్గలేదు. మార్పుకు ముందు ఒక ఆదివారం, తరువాత ఒక ఆదివారం, ఖాళీగా ఉన్న ఒకే పార్కింగు స్థలంలో 40 మైళ్ల వేగం నుంచి పలుమార్లు ఆపి టేపుతో కొలిచాను. వచ్చిన తేడా నా కొలతలోని పొరపాటును మించలేదు. ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. చక్రాన్ని బిగించగల శక్తి డ్రమ్ముకూ ఉంది, డిస్కుకూ ఉంది. అక్కడి నుంచి బండిని ఆపేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న పట్టే. పైగా ఇంజను ముందు చక్రాలను తిప్పే ఇలాంటి బండిలో బ్రేకు పనిలో పెద్ద వాటా ముందు చక్రాలదే. ఆ మరుసటి ఏడాది మంచి టైర్లు వేసినప్పుడు ఆగే దూరంలో వచ్చిన మార్పు టేపు అవసరం లేకుండానే తెలిసింది.

తేడా కనిపించినది కొండ దిగుడులో. ఇక్కడి తెలుగు కుటుంబాలకు సెలవు దొరికితే టెనెసీ రాష్ట్రంలోని కొండ ఊరు గాట్లిన్‌బర్గ్ వెళ్లడం ఒక ఆనవాయితీ, మేమూ అంతే. గ్రేట్ స్మోకీ పర్వతాలలో 5,046 అడుగుల ఎత్తున ఉన్న న్యూఫౌండ్ గ్యాప్ నుంచి ఊరికి దిగే రోడ్డులో, డ్రమ్ముల కాలంలో నిండా మనుషులతో, సామానుతో దిగుతుంటే సగం దారిలో పెడల్ మెత్తబడి లోతుకు దిగేది. వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూల నుంచి దూరంగా జరుగుతుంది కాబట్టి అలా జరగడం సహజం. డిస్కు విషయంలో వ్యాకోచం ప్యాడ్ల వైపే ఉంటుంది, వేడి కూడా బయటి గాలికి త్వరగా పోతుంది. మార్పు తరువాత అదే రోడ్డును మూడుసార్లు దిగాను, పెడల్ మొదట ఎక్కడ ఉందో చివరా అక్కడే ఉంది. అయితే ఆ మధ్యలోనే ముందు ప్యాడ్లు, బ్రేకు ఆయిలు కూడా కొత్తవి వేశాను, రెండో గేరులో దిగడం కూడా నేర్చుకున్నాను కాబట్టి ఆ మెరుగుదల మొత్తాన్ని వెనక డిస్కుల ఖాతాలో వేయడం న్యాయం కాదు. నా అంచనాలో వాటి వాటా సగానికి తక్కువే.

చలికాలం మాత్రం డిస్కులను క్షమించలేదు. డ్రమ్ము లోపలి భాగం మూసి ఉంటుంది, డిస్కు ఉప్పునీటికి నిలువునా తెరుచుకుని ఉంటుంది. మంచు కురిసిన రాత్రి తరువాత ఉదయం మొదటి బ్రేకుకు కర్రుమని తుప్పు గీసుకునే చప్పుడు మామూలైపోయింది, అది రెండు మలుపులు తిరిగేసరికి పోతుంది. పోనిది ఐదో ఏట వచ్చింది: ఎడమ క్యాలిపర్ మీది హ్యాండ్‌బ్రేకు మీట తుప్పుతో బిగుసుకుపోయి, చేతిపిడి దించినా వెనక్కి రావడం మానేసింది. నాకు మొదట తెలిసినది పెట్రోలు లెక్కలో, ఒక ట్యాంకుకు 30 మైళ్లు తగ్గింది. తరువాత కాలిన వాసన వచ్చింది. దూరం నుంచి వేడి కొలిచే థర్మామీటరుతో చూస్తే ఎడమ చక్రం కుడిదానికన్నా రెట్టింపు వేడిగా ఉంది. క్యాలిపర్, డిస్కు, ప్యాడ్లు అన్నీ మార్చవలసి వచ్చింది. ఈ ఎనిమిదేళ్లలో వెనక ప్యాడ్లు రెండు జతలు, డిస్కులు ఒక జత, క్యాలిపర్ ఒకటి అయ్యాయి. నేను కొన్నాక డ్రమ్ముల్లో మార్చినవి షూలు ఒక్కసారి మాత్రమే. ఫోక్స్‌వాగన్ తన విద్యుత్ కారు ఐడీ.4కు వెనక డ్రమ్ములే పెట్టిందని విన్నప్పుడు చాలామంది నవ్వారు. మోటారే బండిని నెమ్మదింపజేసే కారులో వెనక బ్రేకుకు పని తక్కువ, పని లేని డిస్కుకు తుప్పు ఎక్కువ అని నా ఎడమ చక్రం నాకు నేర్పి ఉండటం వల్ల నేను నవ్వలేదు.

ఖర్చు మొత్తం, నా చాకిరీ లెక్కలోకి తీసుకోకుండా, మొదట 540 డాలర్లు, తరువాత మరమ్మతులకు 310. ఆ డ్రమ్ములనే కొత్త సిలిండర్లు, షూలతో బాగు చేసి ఉంటే 120తో పోయేది. డిస్కుల వల్ల నిజంగా సుఖపడినది పరీక్షలో, మరమ్మతులో: చక్రం ఊడదీస్తే ప్యాడు మందం కంటికి కనిపిస్తుంది, స్ప్రింగులతో కుస్తీ లేదు, ప్యాడ్లు మార్చడం అరగంట పని.

రాజమహేంద్రవరంలో ఉన్న మా బావమరిది ఇది చూసి, "బావా, నా బండికీ వెనక డిస్కులు పెట్టించేస్తాను, మెకానిక్ చేస్తానంటున్నాడు" అన్నాడు. వద్దన్నాను. ఒహాయోలో ఏటేటా బండి భద్రతా తనిఖీ లేదు, నేను బీమా కంపెనీకి రాసి చెప్పాను, అంతటితో సరిపోయింది. మన దేశంలో అలా కాదు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్, దాని మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, తయారీదారు నిర్దేశించిన రూపం నుంచి బండిని ఇష్టానుసారం మార్చడానికి వీల్లేదు. రేపు ప్రమాదమేదైనా జరిగితే బీమావారు మొదట పట్టుకునేది ఆ మార్పునే. పైగా అతని బండిలో ఏబీఎస్ ఉంది, ఆ లెక్కలన్నీ డ్రమ్ములను దృష్టిలో పెట్టుకుని చేసినవి. డ్రమ్ములు విప్పి శుభ్రం చేయించి, షూల దూరం సరిచేయించి, మూడేళ్లుగా మార్చని బ్రేకు ఆయిలు మార్పించమన్నాను. కాస్త చిన్నబుచ్చుకున్నాడు గాని చేయించాడు, పెడల్ గట్టిపడిందని వారం తరువాత తనే ఫోను చేశాడు.

నా సివిక్‌లో బుష్‌లు పాడవకుండా ఉండి ఉంటే నేనూ ఈ పనికి దిగేవాణ్ణి కాదు. దిగాక మాత్రం వెనక్కి మార్చే ఓపిక లేదు. ఏటా అక్టోబరులో, మొదటి మంచుకు ముందు, రెండు క్యాలిపర్ల స్లయిడు పిన్నులు తీసి బ్రేకు గ్రీజు రాస్తాను, హ్యాండ్‌బ్రేకు మీటలను చేత్తో కదిపి అవి తమంతట తాము వెనక్కి వస్తున్నాయో లేదో చూస్తాను. ఎడమది ఈసారి కూడా కాస్త బద్ధకంగానే వచ్చింది.