సైనికులకు పంపే పార్సిళ్లకు అమెరికా తపాలా శాఖ వారి ఫ్లాట్ రేట్ పెట్టె

అమెరికా సైన్యంలో చేరి విదేశీ స్థావరాల్లో పనిచేస్తున్న తెలుగు పిల్లలకు అమెరికాలోని ఇంటి నుంచి సరుకులు పంపేవారికి, ఖర్చు తగ్గించడంలో అన్నిటికంటే అక్కరకొచ్చేది అమెరికా తపాలా శాఖ వారి ఏపీఓ/ఎఫ్‌పీఓ (అమెరికా సైనిక, నౌకాదళ తపాలా కార్యాలయాల) లార్జ్ ఫ్లాట్ రేట్ పెట్టె అని నా గట్టి అభిప్రాయం. జర్మనీలో ఉన్న మా అన్నయ్య కొడుక్కి బరువైన సరుకులన్నీ ఇందులోనే పంపుతున్నాం.

లోపలి కొలత 12 అంగుళాల పొడవు, అంతే వెడల్పు, ఐదున్నర అంగుళాల లోతు. 70 పౌండ్లు దాటనంత వరకు బరువెంతైనా ధర ఒకటే. 2008లో మామూలు పెద్ద పెట్టెకు 12.95 డాలర్లు తీసుకుంటే, సైనిక చిరునామాలకు 10.95 డాలర్లే తీసుకున్నారు. తర్వాత ధరలు పెరిగినా ఆ రాయితీ కొనసాగింది. అసలు ఆదా మాత్రం ఆ ఒకటి రెండు డాలర్లలో లేదు. పార్సిల్ ఏ దేశంలోని స్థావరానికి వెళ్లినా మనం కట్టేది అమెరికా దేశీయ రుసుమే. సముద్రం దాటించే ఖర్చును రక్షణ శాఖ భరిస్తుంది.

అయితే ఈ పెట్టె బరువైన వాటికే గిట్టుబాటవుతుంది. కందిపప్పు, బెల్లం, వేరుశనగ ఉండలు, పొడులు సందు లేకుండా కూరితే పౌనుకు పడే ఖర్చు బాగా తగ్గుతుంది. చేగోడీలు, జంతికలు స్థలం తినేస్తాయి కాబట్టి వాటిని బరువును బట్టి లెక్కగట్టే తపాలా శాఖ వారి మరో సేవ గ్రౌండ్ అడ్వాంటేజ్‌లో పంపడం మేలు. ఆవకాయ పంపదలిస్తే పైకి తేలిన నూనె కొంత తీసేసి, మూతకు టేపు చుట్టి, రెండు జిప్ కవర్లలో పెట్టి, చుట్టూ కందిపొడి ప్యాకెట్లు బిగించాలి.

పెట్టెలు, టేపు, లేబుళ్లు కలిపిన మిలిటరీ కేర్ కిట్‌ను తపాలా శాఖ ఉచితంగానే ఇంటికి పంపుతుంది. ఇంత మంచి సదుపాయం గురించి మనవాళ్లలో చాలామందికి తెలియకపోవడం బాధ కలిగిస్తుంది. కస్టమ్స్ ఫారంలో ప్రతి వస్తువునూ, దాని విలువనూ విడివిడిగా రాయాలి. నిషేధిత వస్తువుల జాబితా ఏపీఓ నంబరును బట్టి మారుతుంది కనుక ముందే చూసుకోవాలి. చిరునామాలో ఊరి పేరు గానీ దేశం పేరు గానీ రాయకూడదు; రాస్తే పార్సిల్ సైనిక తపాలాలోకి కాక ఆ దేశపు తపాలాలోకి వెళ్లిపోయే ప్రమాదం ఉంది.