విండోస్ 11 అప్‌గ్రేడ్: ఉచితంగా వచ్చినా ఊరికే రాలేదు

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలుగా వచ్చే ఉచిత భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. దాంతో ఇంకా మారనివారంతా, ఇష్టం ఉన్నా లేకపోయినా, విండోస్ 11 గురించి ఆలోచించక తప్పని పరిస్థితి వచ్చింది. ఈ సమీక్ష గేములు ఆడేవారి కోసమో, ఆఫీసులో ఐటీ విభాగం అండ ఉన్నవారి కోసమో రాస్తున్నది కాదు. ఇంట్లోనో షాపులోనో ఒకే ఒక్క కంప్యూటర్ పెట్టుకుని, దాని మీదే టైపింగు, స్కానింగు, ప్రింటు అన్నీ నడుపుకొనే హైదరాబాద్ వాసుల కోసం, అందులోనూ తెలుగులో పని చేసుకునేవారి కోసం రాస్తున్నాను.

ముందుగా అర్హత సంగతి. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలన్నది నిబంధన. ఆ ఎనిమిదో తరం మార్కెట్లోకి వచ్చిందే 2017లో కాబట్టి, అంతకు ముందు ఏడాది సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అసెంబుల్ చేయించుకున్న ఐ5 మెషిన్, హార్డ్ డిస్క్ కంటే వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేసుకుని ఇప్పటికీ చకచకా పనిచేస్తున్నా సరే, అనర్హుల జాబితాలోకే వెళుతుంది. ఈ మధ్య అక్కడి ఒక షాపులో అడిగితే, "ఏం కాదు సార్, చెకింగ్ బైపాస్ చేసి ఎక్కించేస్తాం" అని తేలిగ్గా చెప్పారు. ఎక్కించడం సాధ్యమే. కానీ అర్హత లేని మెషిన్లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే రాతపూర్వకంగా చెబుతోంది. భద్రతా అప్‌డేట్ల కోసమే మారుతున్నప్పుడు, అవే వస్తాయో రావో తెలియని దారిలో వెళ్లడం ఏం తెలివి?

ఇక అసలు విషయమైన లోపాలకు వద్దాం. నేను కింద చెప్పేవేవీ పుకార్లు కావు, తయారీదారు స్వయంగా ఒప్పుకుని ప్రకటించినవే. 2024 అక్టోబర్ 1న వచ్చిన విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌లో, ఈఎస్‌సీఎల్ పద్ధతిలో, అంటే విడిగా డ్రైవరు అక్కర్లేకుండా పనిచేసే కొన్ని యూఎస్‌బీ స్కానర్లను సిస్టమ్ గుర్తించలేకపోయింది. ఆ ఏడాది అక్టోబర్, నవంబర్ నెలల అప్‌డేట్లు కలిపి తయారుచేసిన పెన్‌డ్రైవ్‌తోనో డీవీడీతోనో దాన్ని వేసుకున్నవారికి, తర్వాతి భద్రతా అప్‌డేట్లు అందకుండా పోయాయి. డిస్క్ క్లీనప్ తెరిస్తే 8.63 జీబీ ఖాళీ చేసుకోవచ్చని చూపించేది, ఎన్నిసార్లు చేసినా ఆ అంకె పోయేది కాదు. ఈ చివరిది నిజానికి హాని లేని లోపమే, లెక్క తప్పు చూపించడం తప్ప అందులో మరేమీ లేదు. కానీ చిన్న ఎస్ఎస్‌డీతో నెట్టుకొస్తున్న మనిషికి ఆ ఎనిమిది జీబీలు కళ్లెదుట ఊరిస్తుంటే మనసు ఊరుకుంటుందా?

ప్రింటర్ల ఉదంతం అన్నిటికంటే విచిత్రమైనది. 2025 జనవరి నెలాఖరు అప్‌డేట్ తర్వాత విండోస్ 11 పాత వెర్షన్లలోనూ, విండోస్ 10లోనూ కొన్ని యూఎస్‌బీ ప్రింటర్లు స్విచ్ వేయగానే తమంతట తామే కాగితాలు ముద్రించడం మొదలుపెట్టాయి. ఎవరూ ప్రింటు ఇవ్వరు. అయినా పేజీ పైన "పోస్ట్ /ఐపీపీ/ప్రింట్" అన్న వరుస, దాని కింద అర్థం పర్థం లేని అక్షరాలు వచ్చేవి. కంప్యూటరు ప్రింటరుతో లోపల మాట్లాడుకోవాల్సిన ఆదేశాన్నే ప్రింటరు మనం పంపిన మేటర్ అనుకుని అచ్చు వేసేసింది. దీనికి పరిష్కారం మార్చి నెలాఖరుకు గానీ రాలేదు. కాగితం, ఇంకు రెండూ లెక్కపెట్టుకుని వాడే జిరాక్స్ షాపుకు రెండు నెలలంటే తక్కువ సమయం కాదు.

విండోస్ 10కి వీడ్కోలు పలికిన అదే అక్టోబర్ 14న విండోస్ 11 కొత్త వెర్షన్లకు విడుదలైన నెలవారీ అప్‌డేట్ మరో ఘనకార్యం చేసింది. కంప్యూటరు ఆన్ కాక మొరాయించినప్పుడు బాగుచేసుకోవడానికి ఉండే రికవరీ స్క్రీన్‌లో యూఎస్‌బీ కీబోర్డు, మౌసు పనిచేయకుండా పోయాయి. స్క్రీన్ మీద ఆప్షన్లన్నీ వరుసగా కనిపిస్తుంటాయి, నొక్కడానికి మాత్రం దారి ఉండదు. పాతకాలపు గుండ్రటి పిన్ను కీబోర్డు దాచుకున్నవారు ఒడ్డున పడ్డారు. ఆరు రోజుల్లో, అంటే అక్టోబర్ 20న, దీన్ని సరిచేసిన మాట నిజం, ఆ వేగాన్ని మెచ్చుకోవాల్సిందే. అయితే పాతదాన్ని వదిలి తమ దగ్గరకు రమ్మని కోట్లమందిని పిలిచిన రోజునే ఇలాంటి లోపం బయటకు ఎలా వచ్చిందన్న ప్రశ్న అలాగే ఉంది.

దానికి సమాధానం కొంతవరకు పరీక్షించే పద్ధతిలో ఉంది. 2014 నుంచి ఇన్‌సైడర్ కార్యక్రమం పేరుతో వాడకందారులే స్వచ్ఛందంగా ముందస్తు వెర్షన్లను పరీక్షిస్తున్నారు. 2018 అక్టోబర్‌లో విండోస్ 10 అప్‌గ్రేడ్ ఒకటి కొందరి ఫైళ్లను తుడిచిపెట్టేయడంతో, దాని విడుదలను నాలుగు రోజుల్లోనే ఆపేసి, మళ్లీ నవంబర్ 13న గానీ ఇవ్వలేకపోయారు. ఆ లోపం గురించి కొందరు ఇన్‌సైడర్లు ముందే ఫిర్యాదు చేశారు. దానికి మద్దతుగా మిగతా ఇన్‌సైడర్లలో ఎక్కువమంది ఓట్లు వేయకపోవడంతో అది అడుగున పడిపోయింది. ఆ తర్వాత ఫిర్యాదు తీవ్రత ఎంతో తెలిపే ఏర్పాటు చేశారు. ఫైళ్లు పోవడం లాంటి విషయం తేలడానికి ఓట్లు కావాల్సి రావడమే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

తెలుగు విషయంలో బండి సాఫీగానే నడుస్తుంది, ఒక్క చోట తప్ప. ఎక్స్‌పీ కాలం నుంచి మనం వాడుతూ వచ్చిన గౌతమి, ఆ తర్వాత వచ్చిన వాణి ఫాంట్లు ఇప్పుడు సిస్టమ్‌తో పాటు నేరుగా రావు. విండోస్ 11ను కొత్తగా వేయించుకుని తెలుగు భాషను జోడించుకోకపోతే, గౌతమిలో చేసిన పాత ఫైలు వేరే ఫాంట్‌లో తెరుచుకుంటుంది. అక్షరాల వెడల్పు మారి, రెండో పేజీలో ముగియాల్సిన దరఖాస్తులో సంతకం వరుస ఒక్కటే మూడో పేజీకి జారుతుంది. సెట్టింగ్స్‌లోని ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అన్నదాన్ని ఎంచుకుంటే సరిపోతుంది. బేగంపేటలో చదువుకున్న మనవాడు సత్య నాదెళ్ల సీఈఓగా ఉన్న కంపెనీలో, 1998 నుంచి హైదరాబాద్‌లోనే డెవలప్‌మెంట్ సెంటర్ నడుపుతున్న కంపెనీలో, మన ఫాంట్లు వెతుక్కుని తెచ్చుకోవాల్సిన సరుకయ్యాయి. టైపింగుకు మాత్రం లోటు లేదు. భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అయిన ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు, ఇంగ్లిషు అక్షరాలతో ఉచ్చారణ ప్రకారం తెలుగు టైపు చేసుకునేలా 2019లో విండోస్ 10లో చేర్చిన ఫోనెటిక్ కీబోర్డు కూడా ఇందులో ఉంది. ఇంగ్లిషు మూలాన్ని ఒక పక్క, తెలుగు అనువాదాన్ని మరో పక్క చిటికెలో అమర్చుకునే స్నాప్ లేఅవుట్స్ అయితే అనువాదకులకు నిజంగా అక్కరకొచ్చే సౌకర్యం.

ఇప్పటికీ పాతతరం 32 బిట్ విండోస్ మీదే పాత ఫాంట్లతో పెళ్లిపత్రికలు, కరపత్రాలు చేస్తున్న డీటీపీ సెంటర్ల సంగతి వేరు. విండోస్ 11కి 32 బిట్ వెర్షనే లేదు కాబట్టి వారికి ఉన్నది ఉన్నట్లుగా అప్‌గ్రేడ్ అయ్యే వీలు లేదు, మొదటినుంచి కొత్తగా వేయించుకోవాల్సిందే, పాత ప్రింటరుకు 64 బిట్ డ్రైవరు దొరక్కపోతే ప్రింటరు కూడా మార్చుకోవాల్సిందే. అలాంటి మెషిన్‌కు ఇంటర్నెట్ తీసేసి ముద్రణ పనికి మాత్రమే ఉంచుకోవడం మేలని నా అభిప్రాయం.

అర్హత ఉన్న మెషిన్ అయితే మారండి, కానీ చేతిలో అర్జంటు పని లేని వారం చూసుకుని, ఫైళ్లన్నీ బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకున్నాకే మారండి. నచ్చకపోతే వెనక్కి వెళ్లడానికి 10 రోజుల గడువు ఉంటుంది. స్థలం కోసం సి డ్రైవ్‌లోని విండోస్.ఓల్డ్ ఫోల్డర్‌ను తీసేస్తే మాత్రం ఆ దారి మూసుకుపోతుంది కనుక, క్లీనింగ్ చేసిపెడతానన్న షాపు కుర్రాడికి ఈ మాట ముందే చెప్పాలి. మారాక నెలవారీ అప్‌డేట్లను అయిదు వారాల వరకు ఆపుకొనే సదుపాయం సెట్టింగ్స్‌లోనే ఉంది. ఒకటి రెండు వారాలు ఆగి వేసుకుంటే పైన చెప్పిన రికవరీ స్క్రీన్ లాంటి గండాలు ముందుగా బయటపడిపోతాయి. అర్హత లేని విండోస్ 10 మెషిన్‌కు 2026 అక్టోబర్ 13 వరకు అదనపు భద్రతా అప్‌డేట్లు పొందే పథకం ఉంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగ్స్‌ను బ్యాకప్ చేసుకుంటే దానికి డబ్బు కట్టనక్కర్లేదు.