గవర్నర్‌పేటలో సముద్రపు చేపల దుకాణం

విజయవాడ గవర్నర్‌పేటలో ఉప్పునీటి తొట్లు అమ్మే ఈ చిన్న దుకాణానికి మా అమ్మాయితో వెళ్లాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పగడాలకు రక్షణ కల్పిస్తున్నందున వాటిని అమ్మబోమని యజమాని ముందే చెప్పడం నాకెంతో నచ్చింది. ఆయన గ్లాసెడు ఉప్పునీటిలోకి మా అమ్మాయిచేత గొట్టంతో ఊపిరి ఊదించి, పీహెచ్ (ఆమ్లత్వాన్ని తెలిపే కొలత; అది తగ్గితే ఆమ్లత్వం పెరిగినట్టు) పరీక్ష చుక్కలు వేసి, ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల రంగు మారడం చూపించారు. పారిశ్రామిక యుగానికి ముందు దాదాపు 8.2గా ఉన్న సముద్ర ఉపరితల జలాల పీహెచ్ ఇప్పుడు 8.1కి చేరిందని, అంత చిన్న తేడాకే ఆమ్లత్వం సుమారు 30 శాతం పెరిగినట్టని, నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ వల్ల సున్నం తయారీకి కావాల్సిన కార్బొనేట్ తగ్గి పగడాలకు సున్నపు అస్థిపంజరం కట్టుకోవడం కష్టమవుతోందని, పగడపు దిబ్బ బలహీనపడితే దాని సందుల్లో తలదాచుకునే చేపపిల్లలకు నీడ పోతుందని ఓపికగా వివరించారు. పరీక్ష కిట్ ధర కాస్త ఎక్కువే. సూచనలు తెలుగులో ఉంటే బాగుండేది. అయినా కొన్నాను.