హైదరాబాద్ నుంచి కాశీకి కారులో: దారిలో రెండు రాత్రులు ఎక్కడ ఆగాలి

హైదరాబాద్ నుంచి కాశీకి రోడ్డు మీద సుమారు 1,240 కిలోమీటర్లు. ఒకప్పుడు ఇదంతా ఏడో నంబరు జాతీయ రహదారే, కాశీ నుంచి కన్యాకుమారి దాకా. నంబర్లు మారాక ఇప్పుడు లఖ్‌నాదోన్ దాకా 44, అక్కడి నుంచి జబల్‌పూర్‌కు 34, ఆపైన కట్నీ, మైహర్, రీవాల మీదుగా 30. రోడ్డు బాగుంది. బాగుందనే ధైర్యంతోనే ఇద్దరు డ్రైవర్లను పెట్టుకుని రాత్రంతా ఏకబిగిన నడిపేవాళ్లు ఎక్కువయ్యారు. ఆ పని మాత్రం వద్దు. 2022 అక్టోబరులో హైదరాబాద్ నుంచి గోరఖ్‌పూర్ వెళ్తున్న బస్సు రీవా జిల్లా సోహాగీ ఘాటీలో ప్రమాదానికి గురై పదిహేను మంది చనిపోయారు. అది జరిగింది రాత్రి పూటే. రీవా దాటాక ప్రయాగ వైపు దిగే ఆ కొండను ఎప్పుడూ పగలే దాటాలి.

కాబట్టి దారిలో రెండు రాత్రులు. మొదటి రోజు నాగ్‌పూర్, సుమారు 500 కిలోమీటర్లు. రెండో రోజు మైహర్, సుమారు 430. మూడో రోజు తెల్లవారుజామున బయల్దేరితే మధ్యాహ్నానికి కాశీ. ఇద్దరికి ఏసీ గది, రాత్రికి 2,200 రూపాయల లోపు, కారు గేటు లోపల ఉండాలి. ఈ కొలతతోనే కింద చెప్పేదంతా.

మన తెలుగు కుటుంబాలకు ఈ దారిలో ఒక ప్రత్యేకమైన చిక్కుంది. మనకు సెలవులు దొరికే రోజులూ, దారిలో ఊళ్లు కిక్కిరిసే రోజులూ ఒకటే. దసరాకు నాగ్‌పూర్ దీక్షాభూమికి, అంబేడ్కర్ అక్కడ బౌద్ధం స్వీకరించిన ధమ్మచక్ర ప్రవర్తన దినం కోసం లక్షల మంది వస్తారు. అవే నవరాత్రుల్లో మైహర్ శారదాదేవి కొండ కింద ఖాళీ గది ఉండదు. సంక్రాంతికి ప్రయాగలో మాఘ మేళా ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో మహాకుంభమేళా రద్దీకి కట్నీ, మైహర్, రీవాల దగ్గరే పోలీసులు వాహనాలు ఆపేశారు. జనం రోడ్డు మీదే కార్లలో పడుకున్నారు. దసరా సెలవుల్లో వెళ్లేవాళ్లు నాగ్‌పూర్, మైహర్ రెండూ వదిలేసి మొదటి రాత్రి సివనీలో, రెండో రాత్రి రీవాలో ఆగడం మేలు. సంక్రాంతికైతే రీవా దాటాక మంగవాన్ దగ్గర ప్రయాగ దారి వదిలి, హనుమనా, మీర్జాపూర్ మీదుగా కాశీ చేరండి. ప్రయాగ రద్దీ చాలా వరకు తప్పుతుంది.

మొదటి రాత్రి: నాగ్‌పూర్

ఆన్‌లైన్‌లో వెతికితే ముందు కనిపించేవి సీతాబర్డీ, రైల్వే స్టేషన్, గణేశ్‌పేట్ బస్టాండు చుట్టుపక్కల లాడ్జీలు. ధర తక్కువ, ఫొటోలు బాగుంటాయి. కారులో వచ్చేవాళ్లకు మాత్రం అవి పనికిరావు. అవి రైలు దిగి నడిచి వచ్చేవాళ్ల కోసం కట్టినవి. అక్కడ పార్కింగ్ అంటే లాడ్జి ముందున్న రోడ్డే. రాత్రి ఏడుకు ఊళ్లోకి దిగితే ట్రాఫిక్‌లో గంట, తెల్లవారి బయటపడటానికి ఇంకో అరగంట.

బూటీబోరీ నుంచి విమానాశ్రయం దాకా వార్ధా రోడ్డు వెంట ఉన్నవాటిలో చూడండి. గది ఊళ్లోకన్నా మూడు నాలుగు వందలు ఎక్కువైనా కారుకు సొంత ఆవరణ ఉంటుంది. పొద్దున జామ్‌ఠా దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే ఊరు తగలకుండా కామ్‌ఠీ వైపు తేలుతారు. డిసెంబరులో మహారాష్ట్ర శాసనసభ శీతాకాల సమావేశాలు నాగ్‌పూర్‌లోనే జరుగుతాయి. ఆ రోజుల్లో ధరలు పెరుగుతాయి, మంచి గదులు ముందే అయిపోతాయి.

ఇక్కడ 'కూలర్ రూమ్' అని ఏసీ గదికన్నా తక్కువకు ఇస్తారు. ఏప్రిల్, మే నెలల్లో అది నిజంగా చవకైన మంచి బేరం. విదర్భ ఎండ పొడి ఎండ, తడి గడ్డి మీదుగా వచ్చే గాలి గదిని బాగా చల్లబరుస్తుంది. జూలై, ఆగస్టుల్లో అదే కూలర్ ఉక్క పెంచుతుంది, పక్క తడితడిగా తయారవుతుంది. వానాకాలం కూలర్ గది తీసుకోకండి. వేసవిలో తీసుకుంటే, రాత్రంతా నీళ్లు ఎవరు పోస్తారో ముందే అడగండి.

నాగ్‌పూర్‌కు ఐదుకు మార్కులు: వార్ధా రోడ్డుకు నాలుగు, ఊళ్లో లాడ్జీలకు ఒకటిన్నర.

నాలుగింటికే నాగ్‌పూర్ చేరినవాళ్లకు ఇంకో 125 కిలోమీటర్లు నడిపి సివనీ చేరాలనిపిస్తుంది. మధ్యలో పెంచ్ అడవి ఉంది. జంతువులు కింద నుంచి దాటేలా రోడ్డును ఎత్తి కట్టారు, దారి బాగుంటుంది. వేసవిలో వెలుగుండగా దాటేయొచ్చు. నవంబరు నుంచి ఐదున్నరకే చీకటి పడుతుంది కాబట్టి అప్పుడు నాగ్‌పూర్‌లోనే ఆగాలి. పెంచ్ గేట్ల దగ్గర రిసార్టులు సఫారీకి వచ్చేవాళ్ల ధరలవి, ఒక్క నిద్ర కోసం అంత పెట్టక్కర్లేదు.

రెండో రాత్రి: జబల్‌పూరా, మైహరా?

జబల్‌పూర్ సగం దారిలో ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, నాగ్‌పూర్ నుంచి 270 కిలోమీటర్లే. మధ్యాహ్నం ఒంటిగంటకే చేరిపోతారు. భేడాఘాట్ పాలరాతి కొండలు, ధువాధార్ జలపాతం చూడాలనుకుంటే మాత్రం అక్కడే ఆగండి. మధ్యప్రదేశ్ టూరిజం వాళ్ల మోటెల్ మార్బుల్ రాక్స్ భేడాఘాట్‌లో, కల్చురి రెసిడెన్సీ ఊళ్లో ఉన్నాయి. ప్రభుత్వ హోటళ్లలో గోడల రంగు పాతబడి ఉండొచ్చు, సర్వీసు నెమ్మది. అయినా కుటుంబంతో, ముఖ్యంగా ఆడవాళ్లే కలిసి వెళ్తున్నప్పుడు మొదట చూడాల్సినవి ఇవే. ఆవరణ విశాలం, బిల్లు సక్రమం, బుకింగ్ టూరిజం వెబ్‌సైట్‌లోనే అయిపోతుంది, వచ్చాక 'గది లేదు' అనే మాట వినాల్సిన పని ఉండదు. ధర మన 2,200 దాటే రోజులే ఎక్కువ, అది తెలిసి వెళ్లండి.

మైహర్ యాత్రా స్థలం. 1,063 మెట్ల కొండ, రోప్‌వే, కింద లెక్కలేనన్ని ధర్మశాలలు, లాడ్జీలు. నవరాత్రులు తప్ప మిగతా రోజుల్లో బేరమాడి మరీ గది తీసుకోవచ్చు. శాకాహారం సులువుగా దొరుకుతుంది. ఆలయం దారిలో ఉన్నవి చవకే గానీ, తెల్లవారుజాము నుంచి మైకులు మోగుతుంటాయి. నిద్ర కావాలంటే హైవే వైపు తీసుకోండి. టూరిజం వాళ్లది ఇక్కడా ఉంది, పేరు సుర్‌బహార్. ఉస్తాద్ అల్లావుద్దీన్ ఖాన్ ఊరు కదా, సంగీత వాద్యం పేరు పెట్టుకున్నారు. ఈ దారి మొత్తంలో డబ్బుకు తగ్గ నిద్ర మైహర్‌లోనే. నాలుగున్నర మార్కులు.

కట్నీ రైల్వే జంక్షన్ ఊరు. మైహర్ చేరేలోపు చీకటి పడుతుంటే తప్ప ఆగనక్కర్లేదు.

ఫోన్‌లో అడగాల్సినవి

యాప్‌లో డబ్బు కట్టే ముందు హోటల్ రిసెప్షన్‌కు నేరుగా ఫోన్ చేయండి. 'గాడీ గేట్ కే అందర్ ఖడీ హోగీ యా రోడ్ పర్?' (కారు గేటు లోపల పెట్టాలా, రోడ్డు మీదా?) అనేది మొదటి ప్రశ్న. 'పార్కింగ్ హై' అన్న జవాబుతో తృప్తిపడకండి, రోడ్డును కూడా పార్కింగ్ అనే అంటారు. 'రాత్ కో గేట్ పర్ తాలా లగ్తా హై?' (రాత్రి గేటుకు తాళం వేస్తారా?) రెండోది. మూడోది, కరెంటు పోతే జనరేటర్ ఏసీకి పనిచేస్తుందా, ఫ్యానుకేనా. డ్రైవరును పెట్టుకుని వెళ్తే నాలుగో ప్రశ్న అతను ఎక్కడ పడుకుంటాడని. దీన్ని చాలా కుటుంబాలు మరచిపోతాయి. కారులో ముడుచుకుని పడుకున్న మనిషి చేతికి మర్నాడు 430 కిలోమీటర్లు అప్పగిస్తున్నామని గుర్తుండాలి. మంచం ఉన్న డార్మిటరీ లేకపోతే అతనికీ ఒక గది తీసుకోండి. ఈ ప్రయాణంలో అన్నిటికన్నా విలువైన ఖర్చు అదే.

రివ్యూలు చదివేటప్పుడు 'కొత్తవి ముందు' అని మార్చి, గత మూడు నెలలవి మాత్రమే చూడండి. హోటల్ పెట్టిన ఫొటోలు వదిలేసి, బస చేసినవాళ్లు పెట్టిన బాత్రూము ఫొటోలు చూడండి. మూడు గంటలకల్లా ఇంకోసారి ఫోన్ చేసి 'ఏడుకు వస్తున్నాం, గది ఉంచండి' అని చెప్పాలి. యాప్‌లో బుక్ చేసిన గదిని నేరుగా వచ్చినవాళ్లకు ఎక్కువ ధరకు ఇచ్చేయడం రద్దీ రోజుల్లో జరుగుతుంటుంది. మూడింటికి తెలిస్తే వెలుగుండగానే వేరేది వెతుక్కోవచ్చు.

గదిలోకి వెళ్లాక

సామాను దించకముందే గది చూడండి. తలుపుకు లోపల టవర్ బోల్టు ఉండాలి, అది చట్రంలోకి పూర్తిగా దిగాలి. రంగు మీద రంగు వేసి సగమే దిగే బోల్టులే ఎక్కువ. గ్రౌండ్ ఫ్లోర్‌లో బయటికి తెరుచుకునే కిటికీ ఉన్న గది వద్దు. రెండో అంతస్తు పైన కూడా వద్దు. ఇలాంటి లాడ్జీలకు ఒకే మెట్లదారి, కిటికీలకు ఇనుప ఊచలు. అగ్నిప్రమాదం జరిగితే మొదటి, రెండో అంతస్తుల వాళ్లే త్వరగా బయటపడతారు.

చలికాలంలో బాత్రూములో గ్యాస్ గీజర్ ఉంటే వెంటిలేటర్ తెరిచి ఉందో లేదో చూడండి. చలిగాలి రాకుండా అట్టముక్క పెట్టి మూసేస్తుంటారు. గీజర్ మండేటప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన లేదు, స్నానం చేస్తూనే స్పృహ తప్పుతుంది. బకెట్ నింపి గీజర్ ఆపేసి, ఆ తర్వాతే స్నానానికి వెళ్లండి. బొగ్గుల కుంపటి ఇస్తామన్నా గదిలోకి తీసుకోవద్దు. ఏసీ వేసుకుని, అద్దాలు బిగించి, ఇంజిను నడుస్తుండగా కారులో పడుకోవడంలోనూ ఇదే ప్రమాదం.

అన్నం కోసం కుక్కరు, ఇండక్షన్ స్టవ్ తీసుకెళ్లేవాళ్లకు ఒక లెక్క. గదిలో మామూలు ప్లగ్గులు 6 ఆంపియర్లవి. 700 వాట్ల కరెంటు కుక్కరును అవి మోస్తాయి. 2,000 వాట్ల ఇండక్షన్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, ప్లగ్గు కాలుతుంది లేదా అంతస్తంతా చీకటవుతుంది. వంటకు ఒప్పుకుంటారో లేదో ముందే అడిగి, ఒక్క కుక్కరు చాలనుకోండి.

ఆధార్ జిరాక్స్ ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ప్రింట్లు మనిషికి మూడు చొప్పున ఇంటి దగ్గరే తీసుకుని, ప్రతిదాని మీద హోటల్ పేరు, తేదీ రాసి ఇవ్వండి. పాన్ కార్డులో చిరునామా ఉండదు, దాన్ని తీసుకోరు. బిల్లులో జీఎస్టీ చూడండి: 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 లోపు గదులకు 5 శాతమే. 12 శాతం వేసిన బిల్లు వస్తే అక్కడే మార్పించండి.

కారు తాళం రిసెప్షన్‌లో ఇమ్మంటారు, ఒకదాని వెనక ఒకటి పెడతారు కనుక. తాళం ఇచ్చే బదులు పొద్దున ఐదుకు బయల్దేరతామని చెప్పి, గేటు వైపే పెట్టించుకోండి. కారు పైన క్యారియర్‌లో సామాను ఉంటే రాత్రికి దించాల్సిందే, టార్పాలిన్ తాడు కోయడానికి నిమిషం చాలు.

మరికొన్ని వసతుల మాట. రైల్వే రిటైరింగ్ రూములకు పీఎన్‌ఆర్ ఉండాలి, కారు ప్రయాణికులకు కుదరదు. పెట్రోలు బంకుల్లో 'అప్నా ఘర్' డార్మిటరీలు లారీ డ్రైవర్లవి, వాళ్లకే వదిలేయాలి. దీపాలూ సీసీ కెమెరాలూ ఉన్న బంకులో పగలు గంట కునుకు తీయొచ్చు, కుటుంబంతో రాత్రి గడపడానికి పనికిరాదు. రోడ్డు మీద ఇబ్బంది వస్తే 1033, ప్రాణాపాయమైతే 112.

కాశీలో

ఊరి పొలిమేరలో తెలుగు రాష్ట్రాల నంబరు ప్లేటు చూసి బైకుల మీద వెంటపడి 'హోటల్ చాహియే?' అంటారు. వాళ్ల కమీషన్ మీ అద్దెలోనే కలుస్తుంది. ఆగకండి.

ఒకటి రెండు రాత్రులకైతే కంటోన్మెంట్, సిగ్రా వైపు పార్కింగ్ ఉన్న హోటల్ తీసుకుని గుడికి ఆటోలో వెళ్లిరండి. తొమ్మిది నిద్రలు చేసేవాళ్లకు పాండే హవేలీలో, మానససరోవర్ ఘాట్ దగ్గరున్న శ్రీరామతారక ఆంధ్రాశ్రమమే సరైన చోటు. మన భాష, మన భోజనం, కేదారేశ్వరుడు నడక దూరం. కార్తికం, మాఘం, శివరాత్రికి గదులు చాలా ముందే నిండుతాయి, ఉత్తరమో ఫోనో చేసి ఖాయం చేసుకోకుండా వెళ్లొద్దు. ఒంటరిగా వచ్చినవాళ్లకు గది ఇవ్వని సత్రాలు కాశీలో చాలా ఉన్నాయి, అదీ ముందే అడగాలి.

అక్కడికి కారు రాదు. సోనార్‌పురా రోడ్డు మీద సామాను, పెద్దవాళ్లను దించి, సందులో నడవాలి. గొదౌలియాలో బహుళ అంతస్తుల పార్కింగ్ అని మ్యాపులో కనిపించేది బైకులకే, కారుతో ఆ రద్దీలోకి వెళ్లి వెనక్కి తిప్పుకోలేక అవస్థ పడేవాళ్లు రోజూ ఉంటారు. కార్లకు బేనియాబాగ్ భూగర్భ పార్కింగ్ ఉంది. తొమ్మిది రోజులు ఉంచాలంటే గంటల లెక్కనా, రోజు లెక్కనా అని లోపలికి వెళ్లకముందే అడిగి, రసీదు ఫొటో తీసుకుని, డాష్‌క్యామ్ వైరు ఊడదీసి వెళ్లండి. అది బ్యాటరీని లాగేస్తే పదో రోజు పొద్దున కారు స్టార్టవ్వదు.