డబ్బా పింక్ సాల్మన్, చిలగడదుంప: ఎనిమిది కేకుల లెక్క

మూడు నెలలుగా వాడుతున్నాను కాబట్టి ఇక రాయొచ్చు. ఇది 213 గ్రాముల చిన్న డబ్బా, తోలూ ముళ్ళూ తీసేయకుండా పెట్టిన పింక్ సాల్మన్ చేప. లేబుల్ మీద చేప, ఉప్పు తప్ప ఇంకేమీ లేదు. దీన్ని కొనేది ఒకే ఒక్క పని కోసం, చిలగడదుంప కలిపి సాల్మన్ కేకులు చేయడానికి. కేకులంటే క్రీమువి కావు, పెనం మీద రెండు వైపులా ఎర్రగా కాల్చుకునే కట్లెట్‌ లాంటివి. నా మార్కులు ఐదుకి నాలుగు.

మొదటిసారి తాజా సాల్మన్ ముక్కతోనే చేశాను. అంత డబ్బు పోసి కొన్న చేపని ఉడికించి, చిదిమి, దుంపలో కలుపుతుంటే ప్రాణం ఉసూరుమంది. మా అత్తగారు ఒకటి తిని, "ఇందులో చేప ఎక్కడుందమ్మా?" అన్నారు. ఆవిడకి దవడ పళ్ళు లేవు. మెత్తగా ఉంటూనే కాస్త కరకర తగిలేవి కావాలంటారు, నా వెతుకులాటంతా ఆవిడ కోసమే. ఆ రోజుతో తాజా ముక్కకి స్వస్తి చెప్పి డబ్బాకి మారాను.

డబ్బాల్లోనూ రకాలున్నాయి. సాకై అని ఎర్రటిది ఒకటుంది. రంగూ నూనే ఎక్కువ, ధరా ఎక్కువే. పింక్‌ పసిఫిక్ సాల్మన్లలో చిన్నది, బాగా విరివిగా దొరికేది, అందుకే చవక. ఉత్తగా బ్రెడ్ మీద పెట్టుకుని తినాలంటే సాకైనే బాగుంటుంది. కానీ ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మరసం పడ్డాక ఆ తేడా ఎవరికి తెలుస్తుంది? ముళ్ళూ తోలూ తీసేసిన డబ్బా కూడా ఒకసారి తెచ్చాను. ఖరీదెక్కువ, చేపేమో పీచులా పొడిపొడిగా ఉంది. మళ్ళీ దాని జోలికి పోలేదు.

మామూలు డబ్బా మూత తీయగానే కనిపించేది మాత్రం అంత ముచ్చటగా ఉండదు. బూడిదరంగు తోలు, గుండ్రటి వెన్నుపూసలు, పైన తెల్లగా విరిగిన పాలలాంటి పదార్థం. అది చేపలోంచి వచ్చిన ప్రోటీనే. పచ్చి చేపని ఉప్పుతో డబ్బాలో పెట్టి, మూత బిగించి, ఆ తర్వాత ప్రెషర్‌లో ఉడికిస్తారు. అందులో ఉన్న నీళ్ళు కూడా చాలావరకు చేపవే. ముళ్ళు మెత్తబడేది కూడా ఆ ప్రెషర్‌ వల్లే. ఒక వెన్నుపూస రెండు వేళ్ళ మధ్య పెట్టి నలపండి, సుద్దముక్కలా పొడైపోతుంది. కాల్షియం ఉన్నదే అక్కడ, ఏరి పారేయకండి. ఫోర్కుతో నలిపి కలిపేస్తే ఉన్నట్టే తెలియదు. అత్తగారికి మొదటిసారి చెప్పలేదు. రెండోసారి చెప్తే, "ముందే చెప్పుంటే ముట్టుకునేదాన్నే కాదు" అంటూనే మూడోది వేసుకున్నారు.

ఒకసారి మాత్రం గుండె ఆగినంత పనైంది. చేప చిదుముతుంటే వేలికి గాజుపెంకులాంటిది తగిలింది. బియ్యపుగింజంత, తళతళలాడుతూ ఉంది. ఫిర్యాదు చేద్దామని ఫోటో కూడా తీసిపెట్టుకున్నా. తీరా చూస్తే అది స్ట్రూవైట్ అనే స్ఫటికమట. చేపలో సహజంగా ఉండే ఖనిజాలే డబ్బాలో మెల్లగా అలా గడ్డకడతాయి, ప్రమాదమేమీ లేదు. పరీక్ష చేయడం తేలికే. గోరువెచ్చటి వెనిగర్‌లో వేస్తే కొద్దిసేపట్లో కరుగుతుంది, గాజైతే కరగదు. నాది కరిగింది. ఫోటో తీసేశా.

ఇక దుంప సంగతి. ఈ వంట చెడేది చేప వల్ల కాదు, దుంపలోని నీళ్ళ వల్ల. చెక్కు తీసి ముక్కలు కోసి నీళ్ళలో ఉడికించారా, ముద్ద జావైపోతుంది. దాన్ని సర్దడానికి బ్రెడ్ పొడి పోస్తూ పోతే చివరికి తినేది బ్రెడ్డే. నేను మొదటి రెండుసార్లూ ఈ తప్పే చేశాను. ఇప్పుడు చెక్కుతోనే ఫోర్కుతో నాలుగు గాట్లు పెట్టి మైక్రోవేవ్‌లో ఉంచుతున్నా, మధ్యలో ఒకసారి తిప్పుతా. లోపల మెత్తబడ్డాక చీల్చి, ఆవిరంతా పోయేదాకా వదిలేస్తాను. ఓవెన్‌లో నెమ్మదిగా కాలిస్తే దుంపలోని పిండి ఇంకా చక్కెరగా మారుతుంది, ఈ వంటకి అంత తీపి ఎక్కువే. నారింజరంగు దుంపకి రంగు బాగుంటుంది కానీ తడి ఎక్కువ. తెల్ల దుంప పొడిగా ఉండి పట్టు బాగా ఇస్తుంది. దొరికితే నా ఓటు తెల్లదానికే.

కొలతలు ఇవి. నీళ్ళు వంచాక డబ్బాలో చేప దాదాపు 160 గ్రాములు తూగింది. దానికి 300 గ్రాముల దుంప ముద్ద, ఒక గుడ్డు, మూడు చెంచాల బ్రెడ్ పొడి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర, అర చెక్క నిమ్మరసం. చేపలో ఉప్పు ఉండనే ఉంది, కాబట్టి గుడ్డు వేయకముందే రుచి చూసుకోండి. ఎనిమిది కేకులవుతాయి. అరగంట ఫ్రిజ్‌లో పెట్టాకే పెనం మీదకి వెళ్ళాలి. ఆ అరగంట ఎగ్గొడితే తిప్పేటప్పుడు విరుగుతాయి. మంట మధ్యస్థంగా చాలు, దుంపలో తీపి ఉంది కదా, పెద్ద మంట మీద చిటికెలో మాడిపోతాయి. ఒక్కో వైపు నాలుగు నిమిషాలు. అట్లకాడతో అంచు లేపితే అదే ఊడి రావాలి, అంటుకుందంటే ఇంకా టైమ్ కాలేదని.

ఎప్పుడైనా చేప మిగిలితే డబ్బాలోనే వదిలేయకుండా మూత ఉన్న గాజు గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెడతా, రెండు రోజుల్లో వాడేస్తా. కొనేటప్పుడు ఉబ్బినవీ, అతుకు దగ్గర సొట్టపడ్డవీ పక్కన పెట్టేస్తా.

పోయిన ఆ ఒక్క మార్కూ మూతది. రింగు పట్టుకుని లాగితే సగం దాకా మొరాయిస్తుంది, తర్వాత ఒక్కసారిగా ఊడి చేపనీళ్ళు చిమ్ముతుంది. నా నీలం చున్నీకి రెండు ఉతుకులైనా ఆ వాసన పోలేదు. ఇప్పుడు డబ్బాని సింకులో పెట్టి, పైన పాత గుడ్డ కప్పి తీస్తున్నాను.