వేట విరామానికి ముందు బోటుకి రెండు కొనుగోళ్లు: స్టీరింగ్ సీటు, ఇంజిన్ కడిగే కిట్

విశాఖలో పడవకి చలికాలం డిసెంబరులో రాదు, ఏప్రిల్ 15న వస్తుంది. ఆ రోజు నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు తూర్పు తీరమంతా మరపడవల వేట బంద్. వేటకి వెళ్లని షికారు బోట్లకి ఆ నిబంధనతో పని లేకపోయినా, ఇంజిన్ దింపి చూసుకోవడానికి అంతకన్నా మంచి అదను దొరకదు. ఈ రివ్యూ 18-20 అడుగుల ఫైబర్ బోటు, మధ్యలో స్టీరింగ్, వెనక 40-60 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ మోటారు ఉన్నవాళ్లకి. చేత్తో తిప్పే చిన్న మోటారు వాళ్లు సీటు గొడవ వదిలేసి కడిగే సంగతి చదువుకుంటే చాలు.

ముందు కిట్. ఆన్‌లైన్‌లో ‘వింటరైజింగ్ కిట్’ (చలికాలంలో వాడకుండా ఉంచే ముందు మోటారుని సిద్ధం చేసే సామాను) పేరుతో వచ్చే పెట్టెలో మామూలుగా ఐదు వస్తువులుంటాయి: కుళాయి పైపు నీళ్లు లోపలికి పంపడానికి మోటారు కింది భాగానికి రెండు పక్కలా తగిలించే రబ్బరు దొప్పలు, గులాబీ రంగు యాంటీఫ్రీజ్ సీసా, పెట్రోలు చెడకుండా కలిపే స్టెబిలైజర్, తుప్పు పట్టకుండా సిలిండర్లలో కొట్టే ఫాగింగ్ ఆయిల్, పంపుతో పాటు గేరు ఆయిల్. ఇందులో యాంటీఫ్రీజ్ మనకి దండగ. నీళ్లు గడ్డకట్టి ఇంజిన్ బ్లాకు పగిలే దేశాల కోసం అది. పైగా అవుట్‌బోర్డ్‌ని నిలువుగా దించి ఉంచితే లోపలి నీళ్లు వాటంతటవే కారిపోతాయి. మన శత్రువు ఉప్పు, దాని వెనకాలే చెమ్మ.

అవుట్‌బోర్డ్ చల్లబడేది సముద్రపు నీళ్లని పీల్చుకునే. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. ఇంజిన్ ఆపగానే వేడికి నీళ్లు ఆవిరైపోయి, ఆ ఉప్పు సన్నటి దారుల్లో గడ్డకడుతుంది. ముందు పట్టేసేది థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్ల దారి తెరిచే వాల్వు), తర్వాత వెనక సన్నగా నీళ్లు చిమ్మే బెజ్జం. ఆ బెజ్జం మూసుకుంటే ఇనుప తీగతో పొడవకండి. లావుపాటి తంగూసు ముక్క దూర్చి ఆడిస్తే సరిపోతుంది.

కిట్‌లోని దొప్పల గురించి: గుండ్రటివి వస్తే వెనక్కి పంపెయ్యండి. ఇంజిన్ అదురుకి మెల్లగా జారతాయి. జారిన సంగతి మీరు గమనించేలోపే లోపల ఇంపెల్లర్ (నీళ్లు లాగే పంపు చక్రం) ఎండుగా తిరుగుతుంది. దాని రబ్బరు రెక్కలకి నీళ్లే కందెన. నీళ్లు లేకపోతే కాలిపోవడానికి ఎంతోసేపు పట్టదు. నలుచదరపు దొప్పలు, వాటి మధ్య గేరుపెట్టె అవతలికి దూరి బిగించే చీలతో వచ్చే రకం మేలు. పద్ధతి తేలికే: మోటారు నిలువుగా, గేరు న్యూట్రల్‌లో, ముందు కుళాయి తిప్పి ఆ తర్వాతే స్టార్ట్. ఐడిల్ మీద పది నిమిషాలు. ఇంజిన్ కొంచెం వేడెక్కి థర్మోస్టాట్ తెరుచుకుంటేనే నీళ్లు బ్లాకు అంతా తిరుగుతాయి, అందుకని రెండు నిమిషాలు ఆడించి ఆపేస్తే సగం కడిగినట్టే. ఆపేటప్పుడు ముందు ఇంజిన్, తర్వాత కుళాయి.

కుళాయి ధార చాలుతుందో లేదో ముందే చూసుకోవాలి. ఇరవై లీటర్ల పెయింటు డబ్బా నిండడానికి రెండు నిమిషాలకి మించి పడితే ఆ ధారకి దొప్పలు పెట్టి ఇంజిన్ ఆడించొద్దు. అప్పుడు పాత పద్ధతే గతి: పైన కోసిన 200 లీటర్ల డ్రమ్ము, ప్రొపెల్లర్ ఊడదీసి, దాని పైనుండే అడ్డరేకు మునిగేదాకా నీళ్లు. గజిబిజిగా ఉంటుంది గానీ మోసం చెయ్యదు.

నీళ్ల సంగతి ఇంకొకటుంది. తీరానికి దగ్గరి బోర్లలో చాలా చోట్ల ఉప్పు తగులుతుంది. ఉప్పునీళ్ల ఇంజిన్‌ని ఉప్పునీళ్లతోనే కడిగి ఏం లాభం? వాటర్ ప్యూరిఫయర్ వాళ్ల దగ్గరుండే చిన్న టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములో చూపేది) ముంచి చూడండి. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ కోరే హద్దు 500, వేరే దారి లేనప్పుడు ఒప్పుకునేది 2000. బోరు అంతకన్నా ఎక్కువ చూపిస్తే, ఆఖరి కడుగుడికైనా జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) కుళాయి నీళ్లు తెచ్చుకోవాలి.

ఇక అసలు తేలిక చేసే వస్తువు కిట్‌లో ఉండదు. చాలా మోటార్లకి కవరు అంచున పైపు తగిలించే ఫ్లషింగ్ మూతి కంపెనీ నుంచే వస్తుంది. యమహా ఫోర్-స్ట్రోక్‌ల మాన్యువల్ ప్రకారం ఇక్కడ ఇంజిన్ ఆపేసే కడగాలి, సుమారు పదిహేను నిమిషాలు. ఆ దారిలో వెళ్లే నీళ్లు కింది ఇంపెల్లర్‌కి కందెన కావు గనక. వేరే కంపెనీ మోటారైతే దాని మాన్యువల్ చూసుకోవాలి. కొన్నిటికి ఆడించమని ఉంటుంది. అలవాటైన మెకానిక్ మాట కన్నా ఆ ముక్క ముఖ్యం.

మన దగ్గర దీన్ని చాలామంది వాడకపోవడానికి కారణం బద్ధకం కాదు, మూతి మీది మర (స్క్రూ చుట్లు). ఆ మూతికి ఉండేది అమెరికా తోటపైపు మర: ముప్పావు అంగుళం, అంగుళానికి పదకొండున్నర చుట్లు. మన కుళాయి సామాను బీఎస్‌పీ, అంటే బ్రిటిష్ పైపు మర: అదే ముప్పావు అంగుళం, అంగుళానికి 14 చుట్లు. ఒక చుట్టు ఎక్కినట్టే ఎక్కి అడ్డం పడుతుంది. బలవంతం చేస్తే ప్లాస్టిక్ మూతి పోయినట్టే. టెఫ్లాన్ టేపు ఎంత చుట్టినా కారడం మానదు. కావాల్సింది ఒకవైపు ఆ తోటపైపు మర, రెండోవైపు టక్కున తగులుకునే క్విక్ జాయింటు ఉన్న ఇత్తడి అడాప్టర్. దాన్ని పైపుకే వదిలేసి, రెండు మీటర్ల పైపు చుట్టి సీటు పెట్టెలో పెట్టుకుంటే, ఒడ్డుకొచ్చాక కడగడం అరనిమిషంలో మొదలవుతుంది. కిట్ మొత్తం కన్నా ఈ ఒక్క ముక్కకి ఎక్కువ మార్కులు.

ఒక్క హెచ్చరిక: కడిగాక ఆ మూతిని దాని చోట్లో తిరిగి గట్టిగా బిగించాలి. వదులుగా వదిలేస్తే సముద్రంలో ఇంజిన్ చల్లబరచాల్సిన నీళ్లు అక్కడి నుంచి కారిపోయి మోటారు వేడెక్కుతుంది. ఎక్కడో పంపు పాడైందని వెతుకుతారు.

స్టెబిలైజర్ పనికొస్తుంది గానీ అద్భుతాలు చెయ్యదు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాల్లో చెమ్మని లాగుతుంది. హద్దు దాటితే నీళ్లూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుక్కి దిగుతాయి. పీల్చే గొట్టం ఉండేది కూడా అడుగునే. అలా విడిపోయిన పెట్రోలుని ఏ సీసా తిరిగి కలపదు. కాబట్టి ట్యాంకు ఖాళీ చెయ్యడమే ఉత్తమం. ఆ పెట్రోలు బైకులో పోసుకోవచ్చు, టూ-స్ట్రోక్ ఆయిల్ కలిపింది మాత్రం పొయ్యొద్దు. కార్బురేటర్ మోటారైతే గిన్నె అడుగు స్క్రూ విప్పి వంపెయ్యాలి. ఇంజెక్షన్ మోటారుని పెట్రోలు అయిపోయేదాకా ఆడించి ఆపడం మంచిది కాదు. అక్కడ స్టెబిలైజర్‌కి నిజమైన పని ఉంది. తాజా పెట్రోల్లో కలిపి పది నిమిషాలు ఆడిస్తే ఇంజెక్టర్ల దాకా చేరుతుంది.

గేరు ఆయిల్ విరామం తర్వాత కాదు, ముందే మార్చాలి. కింది స్క్రూ విప్పినప్పుడు పాలు కలిపిన టీలా వస్తే నీళ్లు దిగాయని అర్థం. ప్రొపెల్లర్ ఊడదీసి చూడండి, షాఫ్టుకి చుట్టుకున్న తంగూసు సీలు కోసేసి ఉంటుంది. ఆ నీళ్లతోనే రెండు నెలలు వదిలేస్తే బేరింగులకి తుప్పు. కొత్త ఆయిల్ కింది రంధ్రం నుంచి ఎక్కించి, పై రంధ్రంలో బుడగలు లేకుండా కారేదాకా ఆగాలి. ముందు పై స్క్రూ, తర్వాత కింది స్క్రూ, రెండింటికీ కొత్త వాషర్లు. కిట్‌లోని పంపు దీనికి బ్రహ్మాండంగా ఉంది.

ఇప్పుడు సీటు. ముందంచు పైకి మడిచి, నిలబడి ఆనుకుని నడిపే రకం ఇది. రుషికొండ దగ్గర కెరటం దాటేటప్పుడు కూర్చుని నడిపితే ప్రతి కుదుపూ నడుముకే. మడత సీటు విలువ అక్కడ తెలుస్తుంది. కూర్చునే ఎత్తు బాగుంది, వీపుకి ఆనుడు బాగుంది. తీసిపారెయ్యాల్సింది దాంతో వచ్చే బోల్టులు.

సీటు అడుగున రంధ్రాలు అయిదంగుళాల చదరం, లేదా అయిదు బై పన్నెండు అంగుళాల కొలతలో ఉంటాయి. లోపలి నట్లు పావు అంగుళం, అంగుళానికి 20 చుట్ల మర. బోల్టు పోతే మన హార్డ్‌వేర్ కొట్లో చేతికిచ్చేది ఎం6, అంటే 6 మిల్లీమీటర్ల బోల్టు. వ్యాసంలో తేడా 0.35 మిల్లీమీటర్లే, అందుకే దూరుతుంది. మర అంతరం మాత్రం 1.27 బదులు 1 మిల్లీమీటరు. రెండు చుట్లు తిరిగి బిగిసినట్టు అనిపిస్తుంది. నాలుగు కెరటాలకి ఊడి వస్తుంది. పావు అంగుళం బోల్టులే ఉప్పుని బాగా తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్‌లో వెతికి తెచ్చుకోండి. అయస్కాంతం పెట్టి మామూలు 304 రకాన్నీ 316నీ వేరు చేస్తానని ఎవరైనా అంటే నమ్మకండి, రెండూ దాదాపు అంటుకోవు.

సీటు నిలబడే గొట్టం అల్యూమినియం. స్టెయిన్‌లెస్ బోల్టు దానికి నేరుగా తగిలితే ఉప్పు చెమ్మలో అల్యూమినియమే తినిపోతుంది, తెల్లటి పొడి రాలుతుంది. మధ్యలో నైలాన్ వాషరు వెయ్యాలి. డెక్కు కింద ఉట్టి వాషర్లు చాలవు, అరచెయ్యంత వెడల్పు పలక కావాలి. డెక్కు ఫైబరు పొరల మధ్య చెక్క ఉన్నదైతే, రంధ్రం కావాల్సినదానికన్నా పెద్దగా తొలిచి, ఎపాక్సీతో నింపి, ఆరాక మధ్యలో అసలు కొలతకి మళ్లీ తొలవాలి. లేకపోతే బోల్టు పక్క నుంచి నీళ్లు దిగి చెక్క మెత్తబడుతుంది, సీటు ఊగడం మొదలవుతుంది. సీలెంటుగా బాత్రూమ్ సిలికాన్ వద్దు, మెరైన్ పాలీయురెథేన్ వాడాలి.

రెగ్జిన్ బాగానే ఉంటుంది, ముందు పోయేది కుట్టు. ఎండకి దారం పిప్పి అయ్యాక ఆటో సీట్లు కుట్టేవాళ్ల దగ్గర మళ్లీ కుట్టించుకోవచ్చు, ఎండని తట్టుకునే పాలిస్టర్ దారం మీరే కొనిచ్చి. నూలు దారం అస్సలు వద్దు. అడుగు చెక్కకి నీళ్లు పోయే రంధ్రాలు లేకపోతే కుషను విప్పి నాలుగు పెట్టించండి. లేదంటే స్పాంజి నానుతూనే ఉంటుంది. విరామంలో సీటుని ప్లాస్టిక్ పట్టాతో బిగుతుగా చుట్టడం కూడా అదే తప్పు. వదులుగా గుడ్డ కప్పి, కింద గాలాడేలా వదిలితే జూన్‌లో తీసేసరికి బూజు వాసన ఉండదు.