మంచు తుఫానులో కరెంటు పోతే: కట్టెల పొయ్యా, జనరేటరా?

ఊరికి దూరంగా ఉన్న ఇంట్లో తుఫానుకు కరెంటు పోతే, మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పలేం. నా ఓటు కట్టెల పొయ్యికే. తీగలు తెగినా, రోడ్డు మూసుకుపోయినా అది మండుతుంది. పైన గిన్నెడు మంచు పెడితే కరిగి నీళ్లవుతాయి. కాకపోతే కట్టెలు కనీసం 6 నెలలు ఆరాలి. రెండు కట్టెలు ఒకదానికొకటి కొట్టి చూడండి: ఎండినవి టంగుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి. పచ్చి కట్టెతో వేడి తక్కువ, పొగగొట్టంలో జిగట మసి ఎక్కువ. ఆ మసే ఒక్కోసారి అంటుకుంటుంది.

బోరు మోటారు నడవాలంటే మాత్రం జనరేటరే దిక్కు. దాన్ని ఇంటికి కనీసం 6 మీటర్ల దూరంలో, బయటే పెట్టాలి. తలుపు తీసి ఉంచిన గ్యారేజీ కూడా పనికిరాదు. దాని పొగలో వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు మరి. పైగా గడ్డకట్టే చలిలో మామూలు డీజిల్ చిక్కబడి మొరాయిస్తుంది.